ఆటల పీరియడ్ కోసం కొండపల్లి కొండలెక్కాం

మా బెజవాడలో కొండపల్లి బొమ్మ లేని ఇల్లు ఒక్కటి చూపించండి, మీకు కాఫీ ఇప్పిస్తాను. అదే, ఆ బొమ్మకి కర్ర ఇచ్చిన కొండ ఎక్కారా అని అడగండి, అందరూ పక్కకి చూస్తారు. హైదరాబాదు బస్సులో కుడివైపు కిటికీ లోంచి చూసి, అదిగో ఖిల్లా అనుకుని మళ్ళీ కునుకు తీసేవాళ్ళమే మనమంతా. నలభై ఏళ్ళు వచ్చేదాకా నేనూ అంతే. పటమటలో మా ఇంటికి పాతిక కిలోమీటర్లు ఉంటుందేమో. కాశీకి వెళ్ళొచ్చినవాళ్ళు యాత్ర రాస్తే అర్థముంది గానీ, సిటీబస్సు వెళ్ళే ఊరికి వెళ్ళొచ్చి రాయడమేమిటని మా ఆయన నవ్వాడు. నవ్వనివ్వండి. ఆయనా ఎక్కలేదు.

నేను డ్రిల్లు టీచర్ని. ఇప్పుడు పి.ఇ.టి. అంటున్నారు గానీ పిల్లలకి నేను డ్రిల్లు టీచరు రమ గారినే. మాది పటమటలో ఒక ప్రైవేటు స్కూలు. ఆ ఏడు దసరా సెలవులవగానే మా కరస్పాండెంటు గారు స్టాఫ్ మీటింగు పెట్టి, ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలకి వారానికి రెండుసార్లు ఉండే ఆటల పీరియడ్ తీసేస్తున్నానన్నారు. ఆ టైములో ఐఐటీ ఫౌండేషన్ లెక్కలు చెప్పిస్తారట. మగపిల్లలకి ఇబ్బంది లేదు, స్కూలు వదిలాక వాళ్ళు గ్రౌండులోనే ఉండి చీకటిపడేదాకా క్రికెట్ ఆడుకుంటారు. ఆడపిల్లలు గంట కొట్టగానే స్కూలు బస్సెక్కి ఇంటికి పోతారు. వాళ్ళు పరిగెత్తేది వారంలో ఆ రెండు పీరియడ్లే.

లేచి నిలబడి ఇదంతా చెప్పాను. నాకు నోరు కొంచెం ఎక్కువే. ఆయన చిరాకు పడలేదు, అదే నన్ను ఎక్కువ మండించింది. "ఆటలు ఆటలంటారు గానీ రమగారూ, మీరు పరిగెత్తగా నేనెప్పుడూ చూళ్ళేదండీ. కుర్చీ వేసుకుని విజిల్ ఊదుతారు," అన్నారు. ఇరవై మంది ముందు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి, ఎందుకంటే ఆయన అన్నది నిజమే.

ఆ రోజు స్టాఫ్‌రూములో పేపరు చదివి ఉన్నాను. కొండపల్లి కొండల్లో రెండు రోజుల పరుగు పోటీ, ఇద్దరేసి జట్టుగా పరిగెత్తాలి అని చిన్న ప్రకటన. నోట్లోంచి మాట వచ్చేసింది, నేను దానికి వెళ్తున్నానని. ఆయన నవ్వి, పూర్తి చేసి రండి, ఆటల పీరియడ్ జోలికి రానన్నారు. అందరూ విన్నారు. జట్టుకి రెండో మనిషి ఎవరండీ అని అడిగారు. వెనక బెంచీ లోంచి మా లెక్కల టీచరు మెహరున్నీసా చెయ్యెత్తి, నేను వెళ్తాను సార్ అంది. గది గదంతా వెనక్కి తిరిగింది. ఆటల పీరియడ్ పోతే ఆ పీరియడ్ వచ్చేది మెహర్‌కే, దానితో పాటు జీతంలో పెంపు కూడా.

గుణదల మెట్లు

మెహర్ వన్‌టౌన్‌లో పుట్టిన మనిషి. వాళ్ళాయనకి ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ కొట్టు. మూడేళ్ళ కిందట మెహర్‌కి సుగర్ వచ్చి డాక్టరు నడవమంటే, పొద్దున్నే బందరు కాలవ గట్టు మీదికి లాక్కెళ్ళింది నేనే. అప్పటినుంచి మా స్నేహం నడకతోనే సాగింది. ఇప్పుడు ఆ నడకని పరుగు చేయాల్సి వచ్చింది. రంజాన్ నెలలో ఇఫ్తార్ అయ్యాక వీధిలైట్ల కింద మెల్లగా పరిగెత్తాం.

గట్టు మీద ఎంత పరిగెత్తినా అది చదును నేలే కదా. ఎత్తు కావాలని గుణదల మేరీమాత కొండ మెట్లు పట్టుకున్నాం. బొట్టు పెట్టుకున్న నేనూ, తలకి స్కార్ఫు చుట్టుకున్న మెహరూ పొద్దున్నే ఎనిమిదిసార్లు ఎక్కి దిగుతుంటే, మెట్ల కింద కొవ్వొత్తులు అమ్మే ఆవిడ వారం రోజులు చూసి, ఏం మొక్కుకున్నారమ్మా అని అడిగింది. ఆటల పీరియడ్ అని చెప్పాను. ఆవిడ అర్థం చేసుకున్నట్టు తల ఊపి, తీరుతుందిలే అంది.

కొండపల్లి

శుక్రవారం మధ్యాహ్నానికి కొండపల్లి చేరాం. పోటీ పెట్టినవాళ్ళు హైదరాబాదు కుర్రాళ్ళు. ఆడవాళ్ళకి బస బొమ్మల కాలనీలో ఏర్పాటు చేశారు. మాకు దొరికింది సూర్యం గారనే బొమ్మల మేస్త్రి ఇల్లు. అరుగు మీద సగం చెక్కిన ఏనుగులు, కాళ్ళు ఇంకా అతకని తాటిచెట్టెక్కే మనిషి, రంగు ఆరుతున్న పెళ్ళికూతుళ్ళు. ఇల్లంతా చింతగింజల జిగురు వాసన. చింతగింజల పొడిలో రంపంపొట్టు కలిపి ఉడికిస్తారు, దానితోనే ఏనుగుకి తొండం, పెళ్ళికూతురికి చెయ్యి అంటుకుంటాయి. మెహర్ వాళ్ళబ్బాయికని అంబారీ ఏనుగు బేరమాడింది. నూట ఇరవై చెప్పి తొంభైకిచ్చారు. అదే ఏనుగు మా బీసెంట్ రోడ్డులో రెండొందలు.

బొమ్మలు చెక్కే తెల్లపొణికి కర్ర తేలిగ్గా ఉంటుంది, చేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే ఉండదు. అది మీరు రేపు పరిగెత్తే కొండల్లోదేనండీ అన్నారు సూర్యం గారు. మీరు ఎప్పుడైనా వెళ్ళి తెచ్చుకుంటారా అని అడిగితే, చిన్నప్పుడు నాన్నతో వెళ్ళానని, ఇప్పుడు కర్ర ఇంటికే వస్తుందని చెప్పారు. రెండు రోజుల పాటు కొండల్లో పరుగంటే ఆయనకి మింగుడుపడలేదు. రాత్రి దోసకాయ పప్పు, గోంగూర పచ్చడితో అన్నం పెడుతూ వాళ్ళావిడ తేల్చి అడిగింది.

"ఇంతకీ మిమ్మల్ని ఎవరు తరుముతున్నారమ్మా?"

మెహర్ నవ్వు ఆపుకోలేక పొలమారింది.

మ్యాపులో బండిబాటలు

శనివారం పొద్దున్న ఖిల్లా దారి దగ్గర నలభై జట్లు. ఆడవాళ్ళ జట్లు ఐదు. మా నంబరు పదిహేడు. నియమాలు సులువే. పడుకునే దుప్పటి, రెండు రోజుల తిండి మనమే మొయ్యాలి. దారిలో అక్కడక్కడ చెట్టుకి కట్టిన చిల్లు మిషను దగ్గర కార్డుకి చిల్లు వేసుకోవాలి. ఇద్దరూ విడిపోకూడదు. సాయంత్రం ఐదు లోపల కొండల అవతల మామిడితోట చేరకపోతే రెండో రోజు పరిగెత్తనివ్వరు, అంటే పోటీ పూర్తి కానట్టే.

మిగతావాళ్ళ సంచుల్లో గ్లూకోజు పొడి, బిస్కెట్లు ఉన్నాయి. మా సంచిలో పులిహోర, వేరుశనగ ఉండలు, మెహర్ తెచ్చిన నాలుగు గిన్నెల స్టీలు క్యారియరు. అడుగు గిన్నెలో పెరుగన్నం. మజ్జిగచుక్క లేకుండా మాకు ముద్ద దిగదు, ఏం చేస్తాం. ఆ క్యారియరు నా వీపు మీద టకటకా మోగుతుంటే మేకల మందలో గంట కట్టిన మేకలా బయల్దేరాను.

ఖిల్లా దాకా గుణదల మెట్లు పనికొచ్చాయి. పైన గాలికి చెమటారింది. ఎండలో కోట గోడలు, వెనక్కి చూస్తే కృష్ణ, దాని వెంట దిగువన పచ్చగా చదునుగా మా డెల్టా. నేను పుట్టి పెరిగిన పామర్రు వైపు పొలాలు అటేపే ఎక్కడో ఉంటాయి. అంత చదును నేల మీద నలభై ఏళ్ళు బతికానా అని ఆశ్చర్యమేసింది.

అక్కడిదాకా బాగానే ఉంది. రెండో చిల్లు తర్వాత దారి అడవిలోకి పోయింది, పోటీవాళ్ళు చిల్లుల చోట్లు గుర్తుపెట్టి ఇచ్చిన మ్యాపు తియ్యాల్సి వచ్చింది. నేను పుట్టాక చూసిన మ్యాపులు జిల్లా మ్యాపులు, వాటిలో ఊళ్ళు, కాలవలు, రైలుపట్టాలు తప్ప ఏమీ ఉండవు. ఈ మ్యాపు నిండా గోధుమరంగు గీతలు, ఒకదాని పక్కన ఒకటి వంకర్లు తిరుగుతూ. చూడగానే నాకు ధైర్యం వచ్చింది.

"ఎన్ని బండిబాటలున్నాయో చూడు. ఎటు పోయినా ఏదో ఒకటి తగులుతుంది," అన్నాను.

మెహర్ లెక్కల మనిషి కదా, జేబులోంచి స్కేలు తీసి మూడో చిల్లు దాకా కొలిచింది. ఆరు సెంటీమీటర్లు, మూడు కిలోమీటర్లు, ముప్పావుగంట అని తేల్చింది. నిటారుగా అటే బయల్దేరాం. గంట నడిచినా ఒక్క బండిబాటా తగల్లేదు. తగిలిందల్లా రాళ్ళు, ముళ్ళపొదలు, మళ్ళీ రాళ్ళు.

చివరికి ఒక వాగు కనబడింది. చీలమండ లోతు నీళ్ళు, కిందికి పోతున్నాయి. నా ప్రాణం లేచొచ్చింది. మా వైపు దారి తప్పితే చేసే పని ఒకటే, కాలవ పట్టుకోవడం. కాలవ గట్టున పోతే నీళ్ళాపే తలుపుల లాకు వస్తుంది, లాకు దగ్గర టీకొట్టు, టీకొట్టు దగ్గర ఊరు. చిన్నప్పుడు మేనత్త ఊరికి నేను ఒంటరిగా అలాగే వెళ్ళాను. మెహర్‌తో, ఇక భయం లేదు, నీళ్ళెంబడి పదమన్నాను. మెహర్ నన్ను నమ్మింది.

ముప్పావుగంట నీళ్ళెంబడి పోయాం. వాగు సన్నబడింది, రెండు పక్కలా బండలు దగ్గరకొచ్చాయి. ఒక మలుపు తిరిగేసరికి నీళ్ళు మాయం. తొంగి చూస్తే రెండంతస్తుల మేడంత లోతుకి దూకుతున్నాయి. టైము రెండు దాటింది. వెనక్కి పోవాలంటే వచ్చినదంతా ఎక్కాలి.

అక్కడ కూలబడ్డాం. మెహర్ బూటు విప్పితే మడమ మీద రూపాయి బిళ్ళంత పొక్కు. నిమిషం కూర్చుందాం రమా అంది. నాకు భయం, కోపం, సిగ్గు అన్నీ కలిసి నెత్తికెక్కాయి. కరస్పాండెంటు గారి నవ్వు కళ్ళ ముందు కనబడింది. అప్పుడన్నాను, ఇప్పటికీ తలుచుకుంటే నా నాలుక కోసుకోవాలనిపించే మాట.

"నీకేంలే. మనం ఓడిపోతే ఆ పీరియడ్ నీకే కదా."

మెహర్ మేజోడు తొడుక్కుని, బూటు లేసు కట్టుకుని లేచింది. నేను క్షమించమని అడగలేదు, అప్పటికి నాకంత బుద్ధి లేదు.

మేకల గోవిందమ్మ

మేకల అరుపులు వినబడ్డాయి. పైన బండ మీద ఒక పెద్దావిడ కర్ర పట్టుకుని మమ్మల్నే చూస్తోంది. అరవై ఉంటాయేమో, ఎముకల మనిషి, కాళ్ళకి చెప్పులు లేవు. పేరు గోవిందమ్మ. ఏం చేస్తున్నారని అడిగితే, మామిడితోటకి దారి తప్పామని, వాగెంట పోతే ఊరొస్తుందనుకున్నామని చెప్పాను.

"మీ కాలవలు ఊళ్ళ కోసం తవ్వినయ్యమ్మా," అంది. "ఇది దానంతటది పోతది. ఊరు కావాలంటే నీళ్ళొదిలి పైకెక్కాల. రండి, చూపిత్తా."

ఆవిడ వెనకే ఎక్కాం. మా కన్నా ఇరవై ఏళ్ళు పెద్దది, పైగా మేకల్ని అదిలిస్తూ, మాతో మాట్లాడుతూ, ఆయాసం లేదు. మేం ఇద్దరం నోళ్ళు తెరుచుకుని వెనకపడ్డాం. మధ్యలో ఒకచోట కూర్చోబెట్టి మూటలోంచి జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ కారం తీసి పెట్టింది. మా వైపు జొన్న అంటే సుగర్ వచ్చాక డాక్టరు రాసిచ్చే మందు. ఇక్కడ అదే తిండి. రొట్టె మందంగా, అంచులు మాడి, కారం కళ్ళల్లో నీళ్ళు తెప్పించేలా ఉంది. అంత కమ్మటి తిండి నేను ఈ మధ్య తినలేదు. మేం పులిహోర పెడితే, ఇంత చింతపండు తింటే పళ్ళు పులిసిపోవా అని అడిగింది గానీ మొత్తం తినేసింది.

ఎందుకు పరిగెత్తుతున్నామో చెబితే గోవిందమ్మ చాలాసేపు ఆలోచించింది. మేక తప్పిపోయినప్పుడు తప్ప తను పరిగెత్తి ఎరగనంది. పిల్లల కోసమంటే సరేలే అంది. కొండ వీపు మీదికి చేర్చి, కింద పొగ లేస్తున్న చోటు చూపించి, అదే తోటని చెప్పింది. దారిలోనే మిగతా రెండు చిల్లు మిషన్లూ ఉన్నాయని, వాటిని కట్టిన కుర్రాళ్ళని పొద్దున తిట్టానని కూడా చెప్పింది, మేకలు బెదిరాయట. పది రూపాయలివ్వబోతే తీసుకోలేదు. నీళ్ళ సీసా ఖాళీది ఉంటే ఇవ్వమంది. రెండూ ఇచ్చేశాను.

అక్కణ్ణుంచి ఒక్క మాట మాట్లాడుకోకుండా పరిగెత్తాం. మెహర్ కుంటుతూనే నా కన్నా ముందుంది. తోట గేటు దగ్గర గడియారం పట్టుకున్న కుర్రాడు మా కార్డు చూసి, ఐదుకి నాలుగు నిమిషాలు తక్కువ ఆంటీ అన్నాడు. నేను ఆ మట్టిలోనే కూర్చుండిపోయి ఏడ్చాను.

మామిడితోటలో

ఆడవాళ్ళ జట్లలో ఒకటి ఐదు దాటాక వచ్చింది, వాళ్ళని తప్పించేశారు. ముందున్నది ప్రియ అనే సాఫ్ట్‌వేరు అమ్మాయి జట్టు, మా కన్నా దాదాపు రెండు గంటల ముందు చేరారు. ఆ అమ్మాయీ, ఆమె స్నేహితురాలూ పొడి కలుపుకుని తాగుతుంటే జాలేసి క్యారియరు విప్పాను. అడుగు గిన్నెలో పెరుగన్నం రోజంతా కుదుపులకి గుజ్జయిపోయింది, కొద్దిగా పులిసింది కూడా. ముగ్గురికి సరిపడేది నలుగురం తిన్నాం. తింటూ ప్రియ మా మ్యాపు చూసి, గోధుమరంగు గీతలు బండిబాటలు కావు ఆంటీ, ఎత్తుని చూపించే గీతలు, దగ్గర దగ్గరగా ఉంటే అక్కడ నిటారు కొండ అని అర్థమని చెప్పింది. అంటే దారులు బాగా ఉన్నాయనుకుని మేం ఏరికోరి వెళ్ళింది అన్నిటికన్నా నిటారుగా ఉన్న చోటికి. నవ్వీ నవ్వీ పక్కటెముకలు పట్టేశాయి. మెహర్ కూడా నవ్వింది. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

చీకటి పడకముందే, మెహర్ మగ్రిబ్ నమాజు చేసుకుని చాప మడుస్తుంటే దగ్గరికెళ్ళాను. మధ్యాహ్నం అన్న మాట తప్పు, నన్ను క్షమించమని అడిగాను. మెహర్ చాప మడవడం ఆపలేదు.

"మా సకీనా తొమ్మిదో తరగతి కదా," అంది. "ఇంటికొచ్చాక నేను గుమ్మం దాటనివ్వను. వాళ్ళ నాన్న కాదు, నేనే. నాకు భయం. అది పరిగెత్తేది నీ పీరియడ్‌లోనే రమా. అది కూడా లెక్కలు చేసి నేనే తీసేసుకుంటే, దాని మొహం ఎలా చూడను?"

ఆ పొక్కుకి పసుపూ కొబ్బరినూనె రాసి గుడ్డ చుట్టాను. చేతనైంది అదే.

బూట్లు విప్పాం

తెల్లవారుజామున టార్పాలిన్ మీద చినుకుల చప్పుడుకి మెలకువ వచ్చింది. కాసేపటికి కుండపోత. కార్తీకంలో వానంటే మా వైపు వాళ్ళకి గుండె ఆగుతుంది. మా తమ్ముడిది పామర్రు దగ్గర మూడెకరాల వరి, గింజ గట్టిపడుతున్న వేళ. ఈ వాన అక్కడా పడుతుంటే చేను పడిపోతుంది. అతని సంగతి తలుచుకుంటూనే బూట్లు కట్టుకున్నాను. వానలో పరిగెత్తలేమని ఇంకో ఆడవాళ్ళ జట్టు మానుకుంది. మూడు జట్లం మిగిలాం.

ఎక్కడం ఎలాగో ఎక్కాం. అసలు కష్టం దిగేచోట మొదలైంది. మేకలు నడిచి నడిచి గుంటపడిన ఎర్రమట్టి బాట, రెండు కిలోమీటర్ల పైన, వానకి వెన్నముద్దలా తయారైంది. మాకన్నా ముందు బయల్దేరిన జట్లన్నీ అక్కడే దొరికాయి. వేలకి వేలు పెట్టి కొన్న బూట్లతో మగపిల్లలు చెట్లు పట్టుకుని వేలాడుతున్నారు. ప్రియ జట్టు కూర్చుని జారుకుంటూ దిగుతోంది. మెహర్ నాలుగడుగుల్లో మూడుసార్లు పడింది.

నేను ఆ మట్టిని చూశాను. నాకు భయమెయ్యలేదు. ఒళ్ళంతా సంతోషంతో జలదరించింది. ఇది నాకు తెలిసిన నేల. మా అమ్మ వెనక నాట్లకి వెళ్ళినప్పుడు, మోకాలి లోతు బురదలో నారు కట్ట నెత్తిన పెట్టుకుని జానెడు గట్టు మీద పరిగెత్తిన దాన్ని నేను. బూట్లు, మేజోళ్ళు విప్పి లేసులు ముడేసి మెళ్ళో వేసుకున్నాను. మెహర్‌ని కూడా విప్పమన్నాను. పొక్కు మీద గుడ్డ గట్టిగా బిగించాను.

"మడమ ముందు పెట్టకు. బొటనవేలు నేలలో దించు, మోకాలు వంచు, చిన్న చిన్న అడుగులు. ఆగితే జారతావు. నా భుజం పట్టుకో."

మెహర్ సిమెంటు రోడ్ల మీద పెరిగిన మనిషి, చెప్పుల్లేకుండా బాత్‌రూముకి కూడా వెళ్ళదు. అయినా విప్పింది. మొదటి నిమిషం నా భుజంలోకి గోళ్ళు దించింది. తర్వాత వేళ్ళతో నేలని పట్టుకోవడం పట్టుబడింది. ఇక ఆగలేదు. నా అరికాలిలో రెండు ముళ్ళు విరిగాయి, అయినా నొప్పి తెలియలేదు. ఒక్కొక్క జట్టునే దాటుకుంటూ పోయాం. ఒక కుర్రాడు చెట్టుని కావలించుకుని, ఆంటీ ఎలా వెళ్తున్నారని అడిగాడు. నాట్లేస్తున్నాం అని అరిచాను. ప్రియ పక్కనుంచి పోతూ, బూట్లు విప్పమ్మా, వేళ్ళతో దిగు అని చెప్పాను. ఆ అమ్మాయి నమ్మకంగా చూడలేదు గానీ వెనక్కి తిరిగి చూసేసరికి విప్పుతోంది.

ఏమాటకామాటే చెప్పాలి, ఆ వానకి సంతోషించినందుకు మధ్యలో ఒకసారి సిగ్గేసింది. తమ్ముడి చేను గుర్తొచ్చింది. అయినా కాళ్ళు ఆగలేదు.

వనభోజనాల మధ్య

కొండ దిగేచోట మామిడిచెట్ల కింద కార్తీక వనభోజనాలు. బెజవాడ నుంచి ఏదో కాలనీ వాళ్ళు బస్సు మాట్లాడుకుని వచ్చారు. వానకి టార్పాలిన్ల కింద చేరి తంబోలా ఆడుతున్నారు. మైకులో అంకెలు చదువుతున్న పెద్దమనిషి, నిలువెల్లా ఎర్రమట్టితో కొండ మీంచి ఊడిపడ్డ ఇద్దరు ఆడవాళ్ళని చూసి చదవడం ఆపేశాడు. మా గుండెల మీద నంబరు చూసి ఉత్సాహం పట్టలేక మైకులోనే, పదిహేడు, వన్ సెవెన్ సెవెంటీన్ అని అరిచాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఒకావిడ మాత్రం టిక్కెట్టు ఊపుతూ, నాకు పై లైను అయింది, డబ్బులివ్వండి అని పోట్లాటకి దిగింది. మేం కిలోమీటరు అవతల ముగింపు గీత దాటి వెనక్కి వచ్చాక కూడా ఆ తగవు తెగలేదు.

ఇద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని గీత దాటాం. మెహర్ నన్ను వాటేసుకుంది. అయింది రమా, అయిపోయింది అని అదే మాట పదిసార్లు అంది. ఆడవాళ్ళలో ఆ రోజు టైము మాదే ఫస్టు. ప్రియ జట్టు మా తర్వాత పావుగంటకి వచ్చింది, ఇద్దరి బూట్లూ మెళ్ళోనే ఉన్నాయి. రెండు రోజులూ కలిపితే మాది మూడో స్థానం. ఎన్ని జట్లలో అంటారా, మూడింట్లో. దాచుకోవడం దేనికి, సర్టిఫికెట్ మీద పూర్తి చేశారు అని ఉంది, నాకు కావలసింది ఆ ముక్కే.

వనభోజనాల వాళ్ళు మమ్మల్ని వదల్లేదు. అరిటాకు వేసి గుత్తివంకాయ, పప్పు, పాయసం పెట్టారు. మట్టిచేతులతోనే తిన్నాం. ఎస్‌టీడీ బూత్ వెతుక్కుని తమ్ముడికి ఫోను చేశాను. అక్కడ తుంపర తప్ప ఏమీ లేదట, చేను నిలబడే ఉందట. అప్పుడు నిజంగా గెలిచినట్టనిపించింది. ఫోను పెట్టేసి రూపాయిన్నర బదులు ఐదు ఇచ్చి చిల్లర కూడా అడగలేదు.

మళ్ళీ పటమట

సోమవారం స్టాఫ్ మీటింగులో కరస్పాండెంటు గారి బల్ల మీద రెండు సర్టిఫికెట్లు పెట్టాం. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండూ చదివారు. మూడో స్థానమా అన్నారు. అవునండీ, మూడింట్లో మూడు అన్నాను. గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. మీరు పూర్తి చేసి రమ్మన్నారు, చేసి వచ్చాం అంది మెహర్. ఆయన నా కాళ్ళ వైపు చూశారు. ముళ్ళు తీసిన చోట కట్లున్నాయి, నేను హవాయి చెప్పులతో వచ్చాను. మాట మాటేనండీ, పీరియడ్ ఉంటుంది అన్నారు. మంచి మనిషే, కాదనను. జీతంలో పెంపు మాత్రం మెహర్‌కి రాలేదు. ఆ మాట తను ఇప్పటిదాకా ఎత్తలేదు.

మర్నాడు ఆఖరి పీరియడ్ తొమ్మిదో తరగతి ఆడపిల్లలది. నలభై రెండు మంది గ్రౌండులోకి వచ్చి నిలబడ్డారు. సకీనా ముందు వరసలో ఉంది, చున్నీ నడుముకి బిగించి కట్టుకుంది. గ్రౌండు మధ్యలో కరస్పాండెంటు గారి కారు ఆగి ఉంది. పీరియడ్ పోయిందనుకుని డ్రైవరు నెలరోజులుగా అక్కడే నిలపడం అలవాటు చేసుకున్నాడు, ఆ రోజు కూడా పొద్దున అక్కడే పెట్టి, మధ్యాహ్నం సెలవు తీసుకుని వెళ్ళిపోయాడు.

కుంటుకుంటూ మేడెక్కి ఆఫీసు రూముకి వెళ్ళాను. కారు తియ్యాలండీ, పీరియడ్ మొదలైంది అన్నాను. ఆయన గడియారం చూసుకున్నారు, నన్ను చూశారు, సొరుగులోంచి తాళాలు తీసుకుని తనే దిగొచ్చారు. పిల్లలు రెండు పాయలుగా విడిపోయి దారిచ్చారు. ఆయన రివర్సు గేరులో, తల కిటికీలోంచి బయటపెట్టి, మెల్లిగా వెనక్కి పోతున్నారు. కారు గేటు దాటేదాకా విజిల్ నోట్లో పెట్టుకుని ఆగాను. దాటింది. ఊదాను, అమ్మాయిలంతా ఒక్కసారిగా పరిగెత్తారు. వాళ్ళ వెనకే నేనూ, కట్లున్న కాళ్ళతోనే.